రిపోర్టులో ప్రోటీన్లు పాజిటివ్ అంటే పప్పు మానేయాలా?

ప్రశ్న: డాక్టరు గారూ, మాది తెనాలి దగ్గర పల్లెటూరు. మా నాన్నగారికి 58 ఏళ్లు. ఆర్నెల్లుగా నీరసం, నాలుగు మెట్లెక్కితే ఆయాసం. రక్తం తక్కువగా ఉందని ఐరన్ మాత్రలు వాడుతూ వచ్చాం. చివరికి వేరే డాక్టరు కొలనోస్కోపీ (కెమెరా గొట్టంతో పెద్దపేగు లోపల చూసే పరీక్ష) చేయిస్తే పెద్దపేగులో కుడివైపు క్యాన్సర్ గడ్డ ఉందని తెలిసింది. ఆపరేషన్ చేసి ఆ భాగం తీసేశారు. బయాప్సీ రిపోర్టులో పీటీ3 ఎన్1, 16 లింఫ్ గ్రంథుల్లో 2 పాజిటివ్, పూర్లీ డిఫరెన్షియేటెడ్ అని ఉంది. దాని కింద సీకే20 పాజిటివ్, సీకే7 నెగెటివ్, బీటా-క్యాటెనిన్ న్యూక్లియర్ పాజిటివ్, ఈ-క్యాడెరిన్ తగ్గింది, విమెంటిన్ స్ట్రోమాలో పాజిటివ్, ట్యూమర్ బడ్డింగ్ బీడీ2 అని రాశారు. ల్యాబ్‌లో అడిగితే "అవన్నీ కణాల్లో ఉండే ప్రోటీన్లమ్మా" అన్నారు. అప్పట్నుంచి మా మేనత్త నాన్నకి పప్పు, గుడ్డు, పాలు పెట్టనివ్వడం లేదు. ఒంట్లో ప్రోటీన్ ఎక్కువై ఈ జబ్బు వచ్చిందంటోంది. 62 కిలోలుండే మనిషి 56కి వచ్చారు. మా అన్నయ్యేమో విమెంటిన్ ఉంటే జబ్బు ఒళ్లంతా పాకుతుందని నెట్‌లో చదివి, దాన్ని అశ్వగంధ తగ్గిస్తుందని చూర్ణం తెచ్చాడు. వచ్చే వారం కీమో మొదలు. ఈ ప్రోటీన్లు ఏమిటి? వీటికి మందు ఉందా? అన్నయ్యకి 36, నాకు 33. మేమూ పరీక్షలు చేయించుకోవాలా?

సమాధానం: అమ్మా, నా జవాబు తర్వాత తీరిగ్గా చదువుకోవచ్చు. ముందు ఈ పూట నాన్నగారికి పప్పన్నం పెట్టండి. పక్కన ఒక ఉడికించిన గుడ్డు కూడా పెట్టండి.

మీ మేనత్తగారి మీద నాకేం కోపం లేదు. ప్రోటీన్ అనే మాట ఆవిడ టీవీలో పొడి డబ్బాల ప్రకటనల్లో విన్నారు, తర్వాత ల్యాబ్ వాళ్ల నోట విన్నారు. రెండూ ఒకటే అనుకోవడం సహజం. ఆ రిపోర్టులు రాసే పాథాలజిస్టులం మేమే. రెండు ముక్కలు విడమరిచి చెప్పకుండా కాగితం చేతిలో పెట్టి పంపేస్తాం. తప్పులో సగం మాది.

మనం తిన్న పప్పులోని ప్రోటీన్ అలాగే వెళ్లి పేగు కణంలో కూర్చోదు. కడుపులో, చిన్నపేగులో ముక్కలు ముక్కలై అమైనో ఆమ్లాలుగా రక్తంలో కలుస్తుంది. ఏ కణానికి కావలసిన ప్రోటీన్‌ని ఆ కణమే వాటితో, తన జన్యువుల్లో రాసి ఉన్న ప్రకారం తయారు చేసుకుంటుంది. ఇంటి ముందు ఇటుకలు రెండు లారీలు ఎక్కువ దింపించినంత మాత్రాన గోడ వంకర పోదు. ప్లానులో తప్పుంటే పోతుంది. మీ నాన్నగారి విషయంలో తప్పు ప్లానులో జరిగింది, అదీ నిన్నా మొన్నా కాదు. పెద్దపేగులో చిన్న పిలక లాంటి పాలిప్ మొదలై అది క్యాన్సర్‌గా మారడానికి సాధారణంగా పదేళ్ల దాకా పడుతుంది. కాబట్టి ఈ ఏడాది తిన్న గుడ్లకీ దానికీ సంబంధం లేదు.

ఆపరేషన్ గాయం మానాలన్నా, కీమో తట్టుకోవాలన్నా ఆయనకి ఇప్పుడు ప్రోటీన్ మామూలు కంటే ఎక్కువే కావాలి. క్యాన్సర్ రోగులకు రోజుకు కిలో బరువుకి 1 గ్రాముకు తగ్గకుండా, వీలైతే 1.5 గ్రాముల దాకా ఇవ్వమంటారు. 56 కిలోల మనిషికి అది 60 నుంచి 80 గ్రాములు. ఒక గుడ్డులో 6 గ్రాములుంటుంది, గ్లాసు పాలల్లో 7, 8 గ్రాములుంటుంది. లెక్క వేస్తే ఆవిడ ఆపేసినవన్నీ తిరిగి పెట్టినా ఇంకా చాలదు, చేపో కోడికూరో కలవాలి. కుడివైపు పేగు తీసేశాక కొన్నాళ్లు విరేచనాలు పలచగా అవుతుంటాయి. అలా ఉంటే ముద్దపప్పుతో కాకుండా పప్పుకట్టుతో మొదలుపెట్టి మెల్లగా చిక్కన చేయండి. కిడ్నీ జబ్బు ఉంటే మాత్రం ఈ లెక్క వర్తించదు, డాక్టరును అడగాలి.

మేనత్తగారి మాటలో ఒక నలుసంత నిజం ఉంది, అదీ చెప్పాలి. సాసేజ్, సలామీ లాంటి నిలవ మాంసాలు పెద్దపేగు క్యాన్సర్‌కి కారణమవుతాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం 2015లో తేల్చింది. మేక, గొర్రె, గొడ్డు, పంది మాంసాలను కారణం కావచ్చు అనే వరసలో పెట్టింది. కాబట్టి వేటకూర ఎప్పుడో ఒకసారి, కొంచెంగా చాలు. పప్పు, గుడ్డు, పాలు ఆ జాబితాలో ఎక్కడా లేవు.

ఇక రిపోర్టు దగ్గరికి వద్దాం.

కణం అంటే నీళ్ల సంచి అని చాలామంది అనుకుంటారు. నీళ్ల సంచి అయితే పేగు గోడ మీద వరసగా నిటారుగా నిలబడలేదు. తాటాకు పాకకి నిట్టాడి, వాసాలు, వాటిని కట్టే తాళ్లు ఉన్నట్టే కణం లోపలా ఒక చట్రం ఉంటుంది. అందులో మూడు రకాల పోగులున్నాయి. అన్నిటికంటే సన్ననివి యాక్టిన్ పోగులు, సుమారు 7 నానోమీటర్లు. కణం కదలాలన్నా, ఆకారం మార్చుకోవాలన్నా ఇవే పని చేస్తాయి. అన్నిటికంటే లావువి మైక్రోట్యూబ్యూల్స్, 25 నానోమీటర్ల బోలు గొట్టాలు. కణం రెండుగా చీలేటప్పుడు క్రోమోజోములను చెరో పక్కకీ లాగేది ఇవే. ఈ రెంటికీ మధ్య లావుతో, సుమారు 10 నానోమీటర్లతో మూడో రకం ఉంది. అవి తాళ్ల లాంటివి, లాగినా అంత త్వరగా తెగవు. మీ రిపోర్టులోని సీకే20, సీకే7, విమెంటిన్ ఈ మూడో రకంవే. నానోమీటరు అంటే ఎంతో ఊహకి అందడం కోసం: మన తల వెంట్రుక మందం సుమారు 80 వేల నానోమీటర్లు.

సీకే అంటే సైటోకెరాటిన్. మన గోళ్లలో, జుట్టులో ఉండే కెరాటిన్‌కి ఇవి దాయాదులు. ఒంట్లో ఏ అవయవం పైపొర కణాలు ఏ కెరాటిన్లు కట్టుకుంటాయో దాదాపు ఖాయంగా ఉంటుంది. పెద్దపేగు పొరలో 8, 18, 19, 20 ఉంటాయి. ఊపిరితిత్తులు, రొమ్ము, అండాశయాల కణాల్లో 7 ఎక్కువ. కణం క్యాన్సర్‌గా మారి ఎంత చెడిపోయినా ఈ అలవాటును సాధారణంగా వదలదు, ఊరు వదిలి వెళ్లినవాడు ఇంటిపేరు మార్చుకోనట్టే. మీ నాన్నగారి కణితి పూర్లీ డిఫరెన్షియేటెడ్, అంటే మైక్రోస్కోపు కింద చూస్తే ఎక్కడి కణమో పోల్చుకోలేనంతగా రూపం మారిపోయింది. అలాంటప్పుడు ఇది పేగులో పుట్టిందేనా, వేరే చోటి నుంచి వచ్చిందా అన్న అనుమానం తీర్చుకోవడానికి ఇంటిపేరు అడుగుతాం. 20 ఉంది, 7 లేదు. పెద్దపేగుదే అని దాని అర్థం. జబ్బు ముదిరిందనో తగ్గిందనో అందులో ఏమీ లేదు. ఆ పాజిటివ్ చూసి మీరు భయపడ్డ ప్రతి క్షణమూ వృథా.

ఈ-క్యాడెరిన్, బీటా-క్యాటెనిన్ ఆసక్తికరమైనవి. నేను రోజూ చూసేవే అయినా ఇప్పటికీ నాకు ఆశ్చర్యమే.

పేగు లోపలి పొరలో కణాలు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉంటాయి. ఆ పట్టు ఈ-క్యాడెరిన్‌ది. కణం పైపొరలోంచి బయటికి చెయ్యి చాచి పక్క కణం చేతిని పట్టుకుంటుంది. కాల్షియం ఉంటేనే ఈ పట్టు నిలుస్తుంది, క్యాడెరిన్ పేరులోని 'క్యా' అక్కడి నుంచే వచ్చింది. అలాగని మీ అన్నయ్య కాల్షియం మాత్రలు కొనుక్కురానక్కర్లేదు, రక్తంలో ఉన్నది చాలు. చెయ్యి ఒక్కటే సరిపోదు, దాన్ని భుజానికి కట్టాలి కదా. కణం లోపలి వైపు ఈ-క్యాడెరిన్ తోకను యాక్టిన్ చట్రానికి కలిపే ముడిలో ముఖ్యమైనది బీటా-క్యాటెనిన్. ఈ ముడి బిగువుగా ఉన్నంతకాలం కణం వరస తప్పదు. పేగు పొర నాలుగైదు రోజులకోసారి మొత్తం మారిపోతుంది. పాత కణాలు రాలిపోతాయి, అడుగున గుంటల్లో పుట్టిన కొత్తవి ఆ స్థానంలోకి వస్తాయి. అంత జోరుగా రాకపోకలు జరుగుతున్నా గోడ చెదరదంటే కారణం ఈ పట్టే.

అయితే బీటా-క్యాటెనిన్‌కి రెండో ఉద్యోగం ఉంది. ముడి వేయడానికి పోగా మిగిలింది కణంలో పోగుపడితే అది న్యూక్లియస్‌లోకి, అంటే కణం ఆఫీసుగదిలోకి వెళ్తుంది. అక్కడ డీఎన్ఏ దగ్గర కూర్చుని "చీలండి, పెరగండి" అనే జన్యువులను మేల్కొలుపుతుంది. మామూలుగా ఇది జరగనివ్వని మేస్త్రీ ఒకడున్నాడు, పేరు ఏపీసీ. మిగులు కూలీలను ఏ పూటకా పూట లెక్క చూసి పంపించేస్తాడు, అంటే మిగిలిన బీటా-క్యాటెనిన్ ఎప్పటికప్పుడు నాశనమైపోతుంది. పెద్దపేగు క్యాన్సర్లలో దాదాపు 80 శాతంలో ఈ ఏపీసీ జన్యువే చెడి ఉంటుంది. మేస్త్రీ లేడు, కూలీలు ఆఫీసులో దూరి సంతకాలు పెడుతున్నారు. మీ రిపోర్టులో న్యూక్లియర్ పాజిటివ్ అంటే ఇదే: ఆ ప్రోటీన్ ఎక్కడుందో తెలియడానికి రంగు వేసి చూస్తే, కణం అంచున ఉండాల్సిన గోధుమ రంగు మాకు కణం నడిమధ్యలో కనిపించింది.

ఏపీసీ జన్యువును 1991లో గుర్తించారు. పుట్టుకతోనే అది చెడి ఉన్న కుటుంబాల్లో పేగు నిండా వందలు, వేలు పాలిప్‌లు మొలుస్తాయి. మీ నాన్నగారికి అలాంటివి ఉంటే కొలనోస్కోపీ చేసినవాళ్ల కంటపడేవి, రిపోర్టులో రాసేవారు. కాబట్టి ఆ భయం పెట్టుకోకండి. ఇక్కడ చెడింది ఆ ఒక్క కణం వంశంలోనే. ఏపీసీకి చట్రంతో నేరుగా ఇంకో సంబంధమూ ఉంది. కణం చీలేటప్పుడు మైక్రోట్యూబ్యూల్స్ కొసలను పట్టుకుని క్రోమోజోములు సరిగ్గా పంచబడేలా చూస్తుంది. అది పోతే పంపకాలు అడ్డదిడ్డంగా జరిగి కణంలో తప్పులు ఇంకా పెరుగుతాయి.

అందరిలోనూ కథ ఇదే అనుకోవద్దు. మన దేశంలో చిన్న వయసులో వచ్చే పెద్దపేగు, మలాశయ క్యాన్సర్లను హైదరాబాద్‌లోని డీఎన్ఏ పరిశోధన సంస్థ సీడీఎఫ్‌డీ శాస్త్రవేత్తలు పరిశీలిస్తే, చాలావాటిలో బీటా-క్యాటెనిన్ న్యూక్లియస్‌లోకి వెళ్లనే లేదు. అవి ఇంకేదో దారిలో వచ్చినవి. పాశ్చాత్య దేశాల పాఠ్యపుస్తకం మన రోగుల మీద ఎప్పుడూ అచ్చుగుద్దినట్టు సరిపోదని మాలాంటివాళ్లు గుర్తుంచుకోవడానికి అది మంచి ఉదాహరణ.

ఈ-క్యాడెరిన్ తగ్గడం అంటే చేతిపట్టు సడలింది. సడలినప్పుడు కణితి అంచు దగ్గర నుంచి ఒకటో, రెండో, నాలుగు దాకా కణాలో గుంపుగా విడివడి ముందుకు జరుగుతాయి. వీటినే బడ్డింగ్ అంటాం. కణితి అంచున ఎక్కువగా కనిపించే చోటు ఎంచుకుని, 0.785 చదరపు మిల్లీమీటర్ల స్థలంలో ఎన్ని ఉన్నాయో లెక్కపెడతాం. 4 దాకా ఉంటే బీడీ1, 5 నుంచి 9 అయితే బీడీ2, 10 ఆపైన బీడీ3. మీ నాన్నగారిది మధ్యరకం. గ్రంథుల్లోకి వెళ్లని రెండో దశ వాళ్లకి కీమో ఇవ్వాలా వద్దా అని తేల్చడంలో ఈ అంకె బాగా పనికొస్తుంది. మీ నాన్నగారికి రెండు గ్రంథుల్లో ఉంది, అది మూడో దశ, కీమో ఎలాగూ ఖాయమైంది. ఇంక బడ్డింగ్ అంకె గురించి నిద్ర చెడగొట్టుకోవడం అనవసరం.

విడివడిన కణాలు కదిలేది యాక్టిన్ సాయంతో. ఆరోగ్యంగా ఉన్న పేగు కణం తన పైఅంచున యాక్టిన్‌ని నిలువు పోగులుగా కట్టి వేళ్ల లాంటి చిన్న మొలకలు పెట్టుకుంటుంది. నీటినీ లవణాలనూ పీల్చుకోవడానికి ఎక్కువ చోటు కోసం. దానికి విలిన్ అనే ప్రోటీన్ తోడు. క్యాన్సర్ కణం అదే యాక్టిన్‌ని ఫాసిన్ అనే మరో ప్రోటీన్‌తో కట్టలు కట్టి, పక్క కణజాలంలోకి పొడుచుకుపోవడానికి వాడుకుంటుంది. ఫాసిన్ మామూలు పేగు పొరలో దాదాపు కనిపించదు. దాన్ని మేల్కొలిపేవాళ్లలో ఒకరు ఎవరనుకున్నారు? ఆఫీసుగదిలో దూరిన ఆ బీటా-క్యాటెనినే.

ఇప్పుడు మీ అన్నయ్య భయం, విమెంటిన్.

ఆయన చదివింది అబద్ధం కాదు, సగం. పైపొర కణాలు తమ పట్టు వదిలేసి, కెరాటిన్ తాళ్లకు తోడు విమెంటిన్ తాళ్లు కట్టుకుని, తిరుగుబోతు కణాల్లా మారతాయని పరిశోధనలున్నాయి. గాజుపాత్రలో పెంచిన కణాల్లో అది బాగా కనిపిస్తుంది కూడా. కానీ మీ రిపోర్టులో ఒక మాట ఉంది, మీ అన్నయ్య దాన్ని దాటేశారు: స్ట్రోమాలో. కణితి అంటే అంతా క్యాన్సర్ కణాలే ఉండవు. వాటి చుట్టూ, మధ్యలో రక్తనాళాలు, పీచు కణాలు, తెల్ల రక్తకణాలు ఉంటాయి. ఆ నేపథ్యాన్నే స్ట్రోమా అంటాం. ఈ కణాలకు విమెంటిన్ పుట్టుకతో వచ్చిన హక్కు. మీ ఒంట్లోనూ నా ఒంట్లోనూ అవి అలాగే ఉన్నాయి. విమెంటిన్ రంగు వేసినప్పుడు స్ట్రోమా గోధుమ రంగుకి తిరగకపోతే, రంగు సరిగా పడలేదని నేను ఆ స్లైడ్‌ని వెనక్కి పంపుతాను. అంటే మీరు భయపడ్డ ఆ పాజిటివ్, పరీక్ష సరిగ్గా జరిగిందనడానికి గుర్తు. క్యాన్సర్ కణాల్లో పాజిటివ్ అని అక్కడ రాయలేదు.

అశ్వగంధ సంగతి కూడా ఎక్కడో గాలిలోంచి పుట్టలేదు. అందులో ఉండే విథాఫెరిన్-ఎ అనే పదార్థం విమెంటిన్‌కి అంటుకుంటుందని ప్రయోగశాలలో నిజంగానే చూపించారు. అయితే అక్కడ వాడింది శుద్ధి చేసిన ఒక్క పదార్థం, కొలత ప్రకారం, కణాల మీదా ఎలుకల మీదా. చెంచాడు చూర్ణంలో అది ఎంత ఉంటుంది, అందులో పేగు దాటి రక్తంలోకి ఎంత వెళ్తుంది, కణితి దాకా ఎంత చేరుతుంది అన్నది వేరే లెక్క. అశ్వగంధ వాడినవాళ్లలో కొందరికి కామెర్లతో కాలేయం దెబ్బతిన్న కేసులు మన దేశం సహా చాలా చోట్ల వచ్చాయి. కీమో నడిచేటప్పుడు లివర్ పరీక్షల్లో అంకెలు పెరిగితే అది కీమో వల్లో చూర్ణం వల్లో తేల్చుకోలేక కీమో వాయిదా వేయాల్సి వస్తుంది. ఒక చూర్ణం కోసం అసలు మందు ఆపుకోవడం తెలివైన బేరం కాదు. డబ్బా మూత తీయకుండా ఉంటే కొట్టువాడు వెనక్కి తీసుకుంటాడేమో అడగమనండి.

చట్రం మీద పనిచేసే మందులు ఉన్నాయా అంటే ఉన్నాయి, అదీ మన పెరట్లోంచే. బిళ్ల గన్నేరు మొక్క నుంచి తీసిన విన్‌క్రిస్టిన్, విన్‌బ్లాస్టిన్ మైక్రోట్యూబ్యూల్స్ కట్టుకోనివ్వకుండా చేస్తాయి, కణం చీలలేక చస్తుంది. రక్త క్యాన్సర్లలో విన్‌క్రిస్టిన్ ఎందరో పిల్లల ప్రాణాలు నిలిపింది. రొమ్ము, అండాశయ క్యాన్సర్లలో వాడే పాక్లిటాక్సెల్ దానికి వ్యతిరేకం, గొట్టాలను విడిపోనివ్వదు. కానీ పెద్దపేగు క్యాన్సర్ మీద ఈ జాతి మందులు పెద్దగా పనిచేయలేదు. అందుకే మీ డాక్టరు రాసేది సాధారణంగా కాపెసిటబిన్ మాత్రలు, నరంలోకి ఎక్కించే ఆక్సాలిప్లాటిన్. ఆ రెండూ డీఎన్ఏ మీద పనిచేసేవి, చట్రంతో వాటికి పనిలేదు. ఈ ముక్క చదివి ఎవరూ షుగర్‌కి తిన్నట్టు బిళ్ల గన్నేరు ఆకులు నమలకండి. అది విషం, మోతాదు తెలియని విషం.

ఆక్సాలిప్లాటిన్ ఎక్కించాక కొన్నాళ్లు చల్లనివి తాకితే వేళ్లలో తిమ్మిరి, తాగితే గొంతు పట్టేసినట్టు ఉంటుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన మజ్జిగ, తెల్లారగట్ల చన్నీళ్ల స్నానం అప్పుడు వద్దు. గోరువెచ్చటివి ఇవ్వండి.

ఇంతకీ, నన్ను కలవరపెట్టింది మీ రిపోర్టులో ఉన్నవి కాదు. లేనివి.

ఎంఎల్‌హెచ్1, పీఎంఎస్2, ఎంఎస్‌హెచ్2, ఎంఎస్‌హెచ్6 అని నాలుగు ప్రోటీన్లున్నాయి. ఇవి చట్రానివి కావు, డీఎన్ఏలో అచ్చుతప్పులు దిద్దే ప్రూఫ్‌రీడర్లు. నాలుగూ కలిపి ఎంఎంఆర్ పరీక్ష అంటారు. పెద్దపేగు క్యాన్సర్ వచ్చిన ప్రతివాళ్లకీ ఇది చేయాలి. మీ ఉత్తరంలో దాని ఊసే లేదు. మొత్తం మీద సుమారు 15 శాతం కణితుల్లో వీటిలో ఏదో ఒకటి పోయి ఉంటుంది. కుడివైపు వచ్చే, పూర్లీ డిఫరెన్షియేటెడ్ కణితుల్లో ఇంకా ఎక్కువగా కనిపిస్తుంది, మీ నాన్నగారిది సరిగ్గా అదే రకం. బీటా-క్యాటెనిన్ కనిపించింది కదా, ఇంక ఇది ఎందుకు అని ఎవరైనా అన్నా ఒప్పుకోకండి, అది వేరు, ఇది వేరు. ఇమ్యునోథెరపీ (ఒంట్లోని రోగనిరోధక శక్తిని క్యాన్సర్ మీదకి ఉసిగొల్పే చికిత్స) పనిచేస్తుందా లేదా అన్నది చాలావరకు దీన్ని బట్టే ఉంటుంది.

దీనికి మళ్లీ సూది గుచ్చనక్కర్లేదు. ఆపరేషన్‌లో తీసిన ముక్కను మైనంలో అచ్చు పోసి ల్యాబ్‌లో దాచి ఉంచుతారు, దాన్ని బ్లాక్ అంటాం. ఆ బ్లాక్ నుంచే నాలుగు పల్చటి పొరలు కోసి రంగు వేస్తే సరిపోతుంది. అవసరమైతే బ్లాక్ మీరే అడిగి తీసుకుని వేరే చోట చేయించుకోవచ్చు. ఒక్క హెచ్చరిక: ఇందులో పాజిటివ్ లేదా ఇంటాక్ట్ అని వస్తే మంచిది, ప్రోటీన్ ఉండాల్సిన చోట ఉందని. లాస్, అంటే ప్రోటీన్ లేదు అని వస్తేనే తేడా. మళ్లీ పాజిటివ్ మాట చూసి ఇంట్లో ఏదో ఒకటి మానిపించకండి.

మీ ఇద్దరి ప్రశ్నకి జవాబు కూడా దీని మీదే ఆధారపడి ఉంది. నాలుగూ సరిగ్గా ఉంటే, తండ్రికి 60 లోపు వచ్చింది కాబట్టి మీరిద్దరూ 40 ఏళ్లకి మొదటి కొలనోస్కోపీ చేయించుకుని తర్వాత అయిదేళ్లకోసారి చూపించుకుంటే చాలు. అన్నయ్యకి ఇంకా నాలుగేళ్లు, మీకు ఏడేళ్లు టైముంది. ఈలోగా మలంలో రక్తం, కారణం తెలియని రక్తహీనత, మల విసర్జన అలవాట్లలో మార్పు కనిపిస్తే మాత్రం వయసు చూడకుండా వెళ్లండి. ఏదైనా ఒకటి పోయిందని వస్తే లించ్ సిండ్రోమ్ అనే వంశపారంపర్య సమస్య ఉందేమో తేల్చాలి. పెద్దపేగు క్యాన్సర్ వచ్చినవాళ్లలో సుమారు 3 శాతం మందిలో అది ఉంటుంది. ఎంఎల్‌హెచ్1 పోయినంత మాత్రాన వంశానిది అనుకోవద్దు, వయసుతో పాటు ఆ జన్యువు మూతపడటం వల్లే ఎక్కువసార్లు అలా జరుగుతుంది. దాన్ని వేరు చేయడానికి ఇంకో పరీక్ష ఉంది. లించ్ అని ఖాయమైతే నాన్నగారి రక్త పరీక్షలో దొరికిన జన్యు లోపం మీలో ఉందో లేదో చూస్తారు. ఉన్నవాళ్లకి కొలనోస్కోపీలు 20ల్లోనో 30ల్లోనో మొదలవుతాయి, అంటే మీ ఇద్దరికీ ఇప్పుడే.

ఆర్నెల్లు ఐరన్ మాత్రలు వాడిన విషయం ఇప్పుడు తవ్వి లాభం లేదు గానీ చదివేవాళ్ల కోసం రాస్తున్నాను. పేగు కుడి భాగం వెడల్పుగా ఉంటుంది, అక్కడ మలం ఇంకా పలచగానే ఉంటుంది. అందుకని గడ్డ పెరిగినా అడ్డుపడదు, నొప్పి రాదు. కంటికి కనపడనంత రక్తం రోజూ కారుతూ ఉంటుంది. 50 దాటిన మగవాడికి ఐరన్ తగ్గిందంటే, రక్తం ఎక్కడ పోతోందో వెతికాకే మాత్రలతో సరిపెట్టాలి.

వచ్చే వారం కీమోకి వెళ్లేటప్పుడు పెద్ద ప్రశ్నల జాబితా వద్దు. ఎంఎంఆర్ చేశారా, ఆపరేషన్‌కి ముందు, తర్వాత రక్తంలో సీఈఏ అనే ప్రోటీన్ ఎంత ఉంది, కీమో మూడు నెలలా ఆరు నెలలా, ఈ మూడే అడగండి. సీఈఏ కూడా కణాలు ఒకదానికొకటి అంటుకునే ప్రోటీన్ల కుటుంబంలోదే. 1965లో మాంట్రియల్‌లో ఫిల్ గోల్డ్, శామ్యూల్ ఫ్రీడ్‌మన్ కనిపెట్టారు. కణితి నుంచి రక్తంలోకి జారుతుంది కాబట్టి జబ్బు తిరగబెడుతోందా అని మూడు నుంచి ఆరు నెలలకోసారి చూసుకోవడానికి పనికొస్తుంది. పొగతాగేవాళ్లలో జబ్బు లేకపోయినా కొంచెం ఎక్కువ ఉంటుంది, నాన్నగారికి చుట్ట అలవాటుంటే డాక్టరుకి చెప్పండి. కీమో ఎన్ని నెలలన్నది ఎందుకు అడగమంటున్నానంటే, పీటీ3 ఎన్1 వాళ్లలో, అంటే గడ్డ పేగు కండరపొర దాటి ఒకటి నుంచి మూడు గ్రంథులకు చేరినవాళ్లలో, కాపెసిటబిన్, ఆక్సాలిప్లాటిన్ జోడీ మూడు నెలలిచ్చినా ఆరు నెలలతో దాదాపు సమానంగా పనిచేస్తుందని తేలింది, పైగా వేళ్ల తిమ్మిర్లు తక్కువ. గ్రేడు (కణాల రూపం ఎంత మారింది), బడ్డింగ్ అన్నీ చూసి మీ డాక్టరు నిర్ణయిస్తారు.

చివరగా మీ మేనత్తగారు. నాన్నగారికి తోబుట్టువు అంటే రక్తసంబంధంలో మీరూ ఆవిడా ఒకే వరస. ఆవిడ 40 దాటి చాలా కాలమే అయి ఉంటుంది. ఎంఎంఆర్ రిపోర్టు ఎలా వచ్చినా సరే, ఆవిడకి ఇప్పుడే ఒక కొలనోస్కోపీ కావాలి. మెల్లగా నచ్చజెప్పి తీసుకెళ్లండి. పేగు శుభ్రం కావాలి కాబట్టి ముందురోజు పల్చటి ద్రవాలు తప్ప ఏమీ తినకూడదు. ఆ ఒక్కరోజు మాత్రం మీ ఇంట్లో పప్పు మానాల్సింది ఆవిడే.